ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి నాన్నకి

నాన్నా,

ఆదివారం ఫోన్ మధ్యలో కట్ అయింది కదా, సిగ్నల్ పోయింది, అంతే. అమ్మ కంగారు పడొద్దు. ఉద్యోగం బాగానే ఉంది, షిఫ్టు మారింది.

మీరడిగిన మాటే వారం నుంచి బుర్రలో తిరుగుతోంది. "అంత దేశంలో అంత తక్కువ మందేంట్రా, ఇరుక్కుని ఉన్నవాళ్లు వచ్చి ఉండొచ్చుగా?" అన్నారు. వచ్చిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. ఆస్ట్రేలియా 77 లక్షల చదరపు కిలోమీటర్లు, జనం 3 కోట్లు కూడా లేరు. బంగ్లాదేశ్ లక్షన్నర చదరపు కిలోమీటర్లు కూడా లేదు, అక్కడ 17 కోట్ల మంది. కానీ నాన్నా, ఈ ఊళ్లో టాడ్ అని ఒక నది ఉంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. సాయంత్రం నేను నడిచేది ఆ ఇసుకలోనే. బంగ్లాదేశ్‌లోనేమో గంగా, బ్రహ్మపుత్రా ఒండ్రు తెచ్చి పోస్తాయి. ఈజిప్టు పటం చూడండి, నూటికి 95 మంది నైలు నది వెంట, దాని డెల్టాలో సర్దుకున్నారు. ఇక్కడి వాళ్లూ అంతే, ఎక్కువ మంది సముద్రం అంచునే. మా ఊరేమో దేశం నడిమధ్య, సముద్రం ఒడ్డునున్న నగరాలు అటు డార్విన్‌కి, ఇటు అడిలైడ్‌కి దాదాపు 1500 కిలోమీటర్లు. ఈ దూరం అమ్మకి చెప్పకండి.

ఒంట్లో బాగోకపోతే ఎలా అంటుంది అమ్మ. ఊళ్లో పెద్దాసుపత్రి ఉంది. దూరాన పశువుల మేత భూముల్లో ఉండేవాళ్ల దగ్గరికి డాక్టర్లు 1928 నుంచి విమానంలో వెళ్తున్నారు. నాకేం భయం లేదు.

తమ్ముడు "ఎవరూ లేని ఎడారి" అన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదని చెప్పండి. అరండ ఆదివాసులు వేల ఏళ్లుగా ఇక్కడే ఉన్నారు. నీళ్లు ఎక్కడ దొరుకుతాయో, ఎన్నాళ్లు నిలుస్తాయో చూసుకుంటూ బతికారు.

అన్నిటికీ నీళ్లే కారణం అనలేను. మాతో పనిచేసే మంగోలియా అమ్మాయి చెప్పింది, వాళ్ల దేశంలో 35 లక్షల మంది ఉంటే సగానికి దగ్గరగా రాజధాని ఉలాన్‌బాతర్‌లోనే ఉన్నారట. బడులు, ఆసుపత్రులు, జీతాలు అక్కడే. చలికాలం మందలు చచ్చిపోతే కాపరులు అటే దారి పడతారు. వాళ్ల వాళ్లూ అలా వచ్చినవాళ్లే. చెబుతూ చెబుతూ ఆగిపోయింది. నేనూ ఏమీ అడగలేదు.

రాత్రిళ్లు ఇక్కడ చప్పుడే ఉండదు, నిద్ర పట్టదు. మొన్న అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారని విసుక్కున్నాను. ఈ ఆదివారం అలాగే మాట్లాడండి. స్పీకర్ పెట్టి అందర్నీ కూర్చోబెట్టండి.

మీ
చిన్నోడు