సరుకు లారీల సంగతి చెప్పరేం?

సంపాదకులకు,

మా నివాస ప్రాంతంలో రానున్న చెయిన్ సూపర్ మార్కెట్‌ను వ్యతిరేకిస్తున్న వారిని అభివృద్ధి నిరోధకులుగా చిత్రిస్తున్నారు. మాకు దుకాణాలంటే గిట్టక కాదు. అభ్యంతరమల్లా ఎంచుకున్న చోటు మీదే.

కంపెనీ చూపిస్తున్న రంగుల బొమ్మలో ముందు వైపు చెట్లు, నవ్వుతున్న కుటుంబం ఉన్నాయి. వెనక వైపు బొమ్మ మాత్రం లేదు. అసలు గొడవంతా అక్కడే. తలుపులు తెరిచేసరికి అరలు నిండాలంటే సరుకు తెల్లవారకముందే దిగాలి. లారీ వెనక్కి వస్తూ కూతపెడుతుంది, ఇనుప చక్రాల బండ్లు దడదడమంటూ దిగుతాయి. శీతల యంత్రాల కంప్రెసర్లకు సెలవే ఉండదు. రాత్రిపూట ఇళ్ల బయట సగటు శబ్దం 40 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2009లోనే సూచించింది. పడకగది కిటికీకి ఎదురుగా సరుకు దించే చోటు పెడితే ఆ మాట నిలుస్తుందా?

ఉద్యోగాలు వస్తాయంటున్నారు, రావచ్చు. మూతపడే చిన్న దుకాణాల్లో పోయేవాటిని కూడా లెక్కగట్టి చెప్పాలి కదా!

అనుమతి ఇచ్చే ముందు బహిరంగ విచారణ జరపాలి. రాకపోకల అధ్యయనంలో కొనుగోలుదారుల కార్లతోపాటు సరుకు వాహనాలనూ చేర్చాలి. లారీలు రావాల్సిన వేళలను అనుమతి పత్రంలోనే షరతుగా రాయాలి. నోటిమాట హామీలు యాజమాన్యం మారిన రోజున ఎవరికీ గుర్తుండవు.

- ఒక స్థానిక నివాసి