మొదట రోగిని చూసేవాళ్ల మాటేమిటి?

ఎడిటర్ గారికి నమస్కారం,

మళ్లీ మహమ్మారి వస్తే ఏం చేయాలన్న చర్చ మొదలైనప్పుడల్లా ఐసీయూ పడకలు, వెంటిలేటర్లు, టీకాల గురించే మాట్లాడుతున్నారు. జ్వరం రాగానే జనం ముందుగా వెళ్లే ప్రాథమిక వైద్యుల ఊసే లేదు. కోవిడ్ రోజులన్నీ ఓపీలోనే గడిపిన డాక్టర్‌గా రాస్తున్నాను.

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని మహమ్మారి అన్నాక, జ్వరం వాళ్లను గుమ్మం దగ్గరే వేరు చేయడం, శాంపిళ్లు, కాంటాక్టుల లిస్టులు, ఆ తర్వాత టీకాలు, అన్నీ ఉన్న సిబ్బంది మీదే పడ్డాయి. అలాగని బీపీ, షుగర్, కాన్పులు ఆగవు కదా. స్టెతస్కోపు పెట్టి చూడాల్సిన మనిషిని ఫోన్‌లో చూడాల్సి వచ్చింది. ఊపిరి ఎంత అందుతోందో తెలుసుకోవడానికి "ఒక్క గుక్కలో అంకెలు లెక్కపెట్టండి" అని, అది నమ్మదగ్గ పరీక్ష కాదని తెలిసీ అడిగేవాణ్ని. గొంతు పదకొండు దగ్గరే ఆగిపోతే పెద్దాసుపత్రికి పంపాలా, పొద్దున దాకా చూడాలా అన్న టెన్షన్‌తో ఎన్నో రాత్రులు నిద్రపోలేదు. 2020 జనవరి నుంచి 2021 మే దాకా 80,000 నుంచి 1,80,000 మంది ఆరోగ్య సిబ్బంది కోవిడ్‌తో చనిపోయి ఉండొచ్చని ఆ సంస్థే అంచనా వేసింది. ఆ భయాన్ని మేం రోజూ ఇంటికి తీసుకెళ్లాం.

భయంతోనో మొహమాటంతోనో రావడం మానేసిన రోగులూ ఉన్నారు. షుగర్ ఉన్న ఒక పెద్దావిడ ఎనిమిది నెలల తర్వాత, ఒక చెప్పు చేత్తో పట్టుకుని కుంటుతూ వచ్చింది. బొటనవేలు నల్లబడిపోయింది. "మీరు అసలే తీరిక లేకుండా ఉన్నారు, విసిగించడం ఎందుకని ఊరుకున్నా డాక్టరుగారూ" అంది. నేనేం చెప్పను? 2021లో ప్రపంచవ్యాప్తంగా 2.5 కోట్ల మంది పిల్లలకు మామూలుగా వేసే టీకాలు తప్పిపోయాయి, వాళ్లను వెతికి పట్టుకోవాల్సిందీ ప్రాథమిక వైద్యంలో ఉన్నవాళ్లే.

2023 మే 5న కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంది. మాకు మాత్రం పేరుకుపోయిన పని అలాగే ఉండిపోయింది. నాతో ఏళ్ల తరబడి పనిచేసిన నర్సు ఇక నావల్ల కాదని ఉద్యోగం వదిలేసింది, ఆమెను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదని నా అభిప్రాయం.

2025 మేలో ప్రపంచ ఆరోగ్య సభ, అంటే ఆ సంస్థలోని సభ్య దేశాల సభ, మహమ్మారులను కలిసి ఎదుర్కోవడానికి ఒక ఒప్పందాన్ని ఆమోదించింది. ఇక ఏ దేశం ప్లాన్ రాసుకున్నా, అదనపు పని ఇస్తే అదనపు మనుషుల్ని కూడా ఇవ్వాలి. మాస్కులు పెద్దాసుపత్రులతో పాటే మాకూ చేరాలి, జబ్బుపడిన సిబ్బందికి జీతంతో సెలవు ఉండాలి. ఈసారి మీ విలేకరులు వెంటిలేటర్ల లెక్క అడిగినప్పుడు, ఓపీలో డాక్టర్లు, నర్సులు ఎంతమంది ఉన్నారో కూడా అడగమని నా మనవి.

ఇట్లు,
ఒక ప్రాథమిక వైద్యుడు