వార్షిక నివేదిక: మార్చిన బళ్లు, చూసే కళ్లు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మార్చి కట్టిన మోటారుసైకిళ్లకు మనం వేసే మార్కుల కాగితంలోంచి ఒక గడి కొట్టేశాం. అది "శబ్దం" గడి. దాని మీద ఏడాది పొడుగునా మాటలు పడ్డాం కాబట్టి నివేదిక కూడా అక్కడినుంచే మొదలుపెడుతున్నాం.

ఒకసారి నల్లగొండలో, ఒకసారి పాలమూరులో ఆదివారం పొద్దున్నే మార్చి కట్టిన బళ్లను వరుసగా నిలబెట్టి చూసుకోవడం మన పాత అలవాటే. చిక్కల్లా ఎక్కడంటే, ఎవరు ఎక్సలేటర్ గట్టిగా తిప్పితే జనం అటే మూగేవారు. నెలల తరబడి చాసిస్ మీద పనిచేసిన బండి దగ్గర ఈగ కూడా వాలేది కాదు. ఒక్క పూటలో సైలెన్సర్ మార్పించుకొచ్చిన బండి చుట్టూ మాత్రం ఫోన్లు లేచేవి. అందుకని ఈసారి తాళం చెవులన్నీ ముందే బల్ల మీద పెట్టించాం. "అన్నా, ఒక్కసారి ఇనిపియ్యే" అని పిల్లలు బతిమాలినా ఇయ్యలేదు. రెండు మూడు నెలలు గొణుక్కున్నారు. తర్వాత వాళ్లే మోకాళ్ల మీద కూర్చుని చాసిస్ కింద టార్చి కొట్టి చూడటం మొదలుపెట్టారు.

పది అడుగుల దూరం

మార్కులిప్పుడు రెండు దూరాలనుంచి వేస్తున్నాం. మొదటిది పది అడుగులు. బండి పక్కన గొంతుక్కూర్చుని చూడాలి, నిలబడి చూస్తే గీత దొరకదు. ట్యాంకు అడుగు అంచు, సీటు అడుగు అంచు ఒకే వరసలో పోతున్నాయా? చక్రానికీ మడ్గార్డుకీ మధ్య సందు మొదటినుంచి చివరిదాకా ఒకేలా ఉందా? సీటు ఒక్కటి మార్చి వెనక చాసిస్‌ను అలాగే వదిలేస్తే, ట్యాంకు ముగిసే చోట గీత విరుగుతుంది. ఎంత ఖరీదు రంగు కొట్టినా ఆ విరుపు దాగదు.

పేర్ల విషయంలో కూడా కొంచెం గట్టిగానే ఉన్నాం. కేఫ్ రేసర్ 1950లు, 60లలో ఇంగ్లండులో పుట్టిన రకం. లండన్ ఏస్ కేఫ్ దగ్గర చేరే కుర్రాళ్లు గంటకు వంద మైళ్లు, అంటే 160 కిలోమీటర్లు అందుకోవాలని హ్యాండిల్ కిందికి దించి, అక్కర్లేనిదంతా విప్పేసేవాళ్లు. బాబర్ అమెరికాలో పుట్టింది. ముందు మడ్గార్డు తీసేసి వెనకది పొట్టిగా కోసేస్తే అదే బాబర్. రెండూ బరువు తగ్గించుకునే ఆలోచనలోంచి వచ్చినవే. కాబట్టి క్రాష్ గార్డు, లగేజీ కడ్డీలు, పుర్రె బొమ్మలు, ఇత్తడి గుండ్లు అన్నీ తగిలించిన బండిని బాబర్ అంటూ తెస్తే మార్కులు తగ్గిస్తాం. ఈ ఏడాది తగ్గించాం కూడా.

పాత బళ్ల చాసిస్ కొయ్యాలా వద్దా అన్న గొడవ సర్వసభ్య సమావేశంలో గంటసేపు నడిచింది. కాస్ట్ ఐరన్ బుల్లెట్ ఇంజను బోరు, అంటే సిలిండరు వెడల్పు, 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే పొడవు, 90, మొత్తం 346 సీసీ. ఆ పొడుగు స్ట్రోకు, బరువైన ఫ్లైవీలు వల్లే ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు ఒక్కో దెబ్బ విడివిడిగా పడుతుంది. యమహా ఆర్ఎక్స్ 100లో బోరు, స్ట్రోకు రెండూ 50, అంటే 98 సీసీ. ఈ రెండింటి అసలు విడిభాగాలు రోజురోజుకీ కరువవుతున్నాయి. సంఘం మాట ఇది: కాగితాలు సరిగ్గా ఉండి, అసలు ట్యాంకు, అసలు చాసిస్‌తో ఉన్న పాత బండిని కొయ్యొద్దు, ఉన్నదున్నట్టు బాగుచేయించుకోండి. కోత పని నేర్చుకోవాలంటే తుక్కు కొట్టులో చాసిస్ ముక్కలు దొరుకుతాయి.

జానెడు దూరం

అసలు పని ఇక్కడే తెలుస్తుంది. ఈ ఏడాది తరగతుల్లో ఎక్కువ సమయం వెనక చాసిస్ కోసి లూప్ (సీటు వెనక రెండు చివర్లను కలిపే వంపు గొట్టం) అతికించే పని మీదే పోయింది, ఎక్కువ బళ్లు తప్పుతున్నది కూడా అక్కడే గనక.

గొట్టాన్ని గొట్టానికి ఎదురెదురు పెట్టి పైన వెల్డింగ్ కొట్టేస్తే సరిపోదు. రెండు గొట్టాల లోపలికీ బిగుతుగా పట్టే ఇంకో ఉక్కు ముక్క, రెండువైపులా కనీసం 25 మిల్లీమీటర్లు దిగేలా పెట్టాలి. బయటి గొట్టానికి అటొకటి ఇటొకటి చిల్లులు వేసి, ఆ చిల్లుల్లోంచి లోపలి ముక్కను అతికించి, తర్వాతే అతుకు చుట్టూ కుట్టాలి. టిగ్ వెల్డింగైతే (టంగ్‌స్టన్ ములుకుతో, రక్షణ వాయువు కింద చేసేది) వేడి అదుపులో ఉంటుంది. మామూలు కడ్డీ ఆర్క్‌తో పల్చటి గొట్టానికి చిల్లు పడటం మామూలే, ఆ చిల్లును లప్పంతో పూడ్చి రంగు కొట్టడం అంతకన్నా మామూలు. అతుకు కనబడొద్దని గ్రైండర్‌తో నున్నగా చెక్కించుకోవడం మన దగ్గర పెద్ద సోకు. చెక్కిన కొద్దీ అతుకులో లోహం పలచనవుతుంది. చేపపొలుసుల్లా ఒకదాని మీద ఒకటి సమంగా పేర్చినట్టున్న వెల్డింగు గీత కనిపిస్తే దాన్ని అలాగే వదిలెయ్యమనండి. అందం అక్కడే ఉంది.

వెల్డింగ్ పెట్టే ముందు బ్యాటరీ రెండు తీగలూ విప్పాలి. ఇంజెక్షన్ బళ్లలో ఈసీయూ (ఇంజనును నడిపే కంప్యూటర్ పెట్టె) కనెక్టరు కూడా ఊడదీయాలి, లేకపోతే అది అక్కడికక్కడే పోవచ్చు. లూప్ అతికాక షాకులు (షాక్ అబ్జార్బర్లు) రెండూ విప్పి, వెనక చక్రాన్ని చేత్తో పైకి ఆగినంతమేర లేపి చూడండి. టైరు లూపునో మడ్గార్డునో తాకితే, ఇద్దరెక్కి గుంతలో పడిన రోజు అక్కడే రాసుకుంటుంది.

టైర్ల సంగతి. ఇప్పటి రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కి కంపెనీ ఇచ్చేది ముందు 100/90-19, వెనక 120/80-18. పాత రిమ్ముకే 150 (మిల్లీమీటర్ల వెడల్పు) టైరు ఎక్కిస్తే, అంచులు లోపలికి ముడుచుకుని టైరు నడిమి భాగం గుండ్రంగా ఉబ్బుతుంది. చూడ్డానికి వెడల్పే, నేలకు తగిలేది సన్నటి పట్టీ. ఒకపక్క చైను, ఇంకోపక్క స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చెయ్యి) రాసుకుంటాయి. వెడల్పు కావాలంటే రిమ్ము ముందు మారాలి, చైను వరస సరిచూడాలి, ఆ తర్వాతే టైరు.

హ్యాండిల్ కిందికి దించినవాళ్లు ఈ పరీక్ష తప్పక చెయ్యాలి. బండి న్యూట్రల్‌లో స్టార్టు చేసి, హ్యాండిల్‌ను ఎడమ చివరినుంచి కుడి చివరిదాకా మెల్లగా తిప్పండి. తిప్పేటప్పుడు ఇంజను శబ్దం దానంతటదే పెరిగితే ఎక్సలేటర్ వైరు ఎక్కడో లాగుతోందని అర్థం. యూటర్న్‌లో బండి తనంతట తానే ముందుకు దూకుతుంది. ట్యాంకుకూ పిడికీ మధ్య బొటనవేలు నలగకుండా సందు ఉందో లేదో కూడా అప్పుడే తెలిసిపోతుంది.

వైరింగులో ఎక్కువ తప్పు ఒకటే: తీగలు మెలిపెట్టి నల్లటేపు చుట్టడం. మన ఎండలకు టేపు జిగురు కరిగి జారిపోతుంది. టంకం పెట్టి వేడికి ముడుచుకునే స్లీవు తొడగాలి. 30 వాట్ల ఫాగ్ లైట్లు రెండు పెడితే 60 వాట్లు, 12 వోల్టులకు 5 ఆంపియర్లు. ఆ కరెంటు స్విచ్చులోంచి పోకూడదు, రిలే (పెద్ద కరెంటును మోసే వేరే స్విచ్చు) లోంచి పోవాలి. బ్యాటరీ పక్కనే 7.5 లేదా 10 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. ఎల్ఈడీ ఇండికేటర్లు పెట్టాక అవి గబగబా కొట్టుకుంటున్నాయంటే దోషం బల్బుది కాదు. పాత ఫ్లాషర్ (ఇండికేటర్లను వెలిగించి ఆర్పే డబ్బీ) పెద్ద బల్బుల లోడుకు అలవాటు పడింది. ఎల్ఈడీ ఫ్లాషర్ వేస్తే సరి.

గాలి డబ్బా తీసేసి చిన్న ఫిల్టర్ తగిలించడం మన ప్రాంతానికి అస్సలు పడదు. క్రషర్ల దుమ్ము, పత్తి చేల మట్టిబాటలు తెలిసినవే. దుమ్ము లోపలికి పోతే రింగులు అరిగి బండి నీలంపొగ కక్కుతుంది. కార్బొరేటర్ బళ్లలో ఇంకో నష్టం కూడా ఉంది: గాలి పెరిగి పెట్రోలు చాలదు. ప్లగ్గు తీసి చూడండి. కాఫీ రంగులో ఉంటే క్షేమం, నల్లమసి ఉంటే పెట్రోలు ఎక్కువ, సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువ, మెయిన్ జెట్టు (కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే రంధ్రం) పెంచాల్సిందే. టూస్ట్రోకుల్లో ఆ తెల్లదనాన్ని పట్టించుకోకపోతే పిస్టన్ పట్టేస్తుంది.

రంగు, నీళ్లు, పెట్రోలు

రంగు పనికి ఎండాకాలం మంచిదనుకుంటాం. నిజానికి మే నెల మధ్యాహ్నం మామూలు థిన్నర్‌తో కొడితే రంగు పరుచుకోకముందే ఆరిపోయి నారింజ తొక్కలా గరుకుదేలుతుంది. మెల్లగా ఆరే థిన్నర్ వాడాలి, పొద్దున్నే కొట్టాలి, పూతకూ పూతకూ మధ్య పది పదిహేను నిమిషాలు ఆగాలి. క్యాండీ రంగుకు (వెండి పూత మీద వేసే పారదర్శక రంగు) కింద వెండి పూత సమంగా లేకపోతే పైన ఎన్ని పూతలేసినా మచ్చలు మచ్చలుగానే ఉంటుంది.

బోరు నీళ్లతో కడిగి ఎండలో వదిలేసిన క్రోము మీద తెల్లచుక్కలు అందరికీ తెలుసు. నీళ్లలోని సున్నం అది. కడగ్గానే మెత్తటి బట్టతో తుడిచెయ్యడమే మందు. పాత చుక్కలకైతే వెనిగర్‌లో సగం నీళ్లు కలిపి తుడిచి, వెంటనే మంచినీళ్లతో కడగాలి.

ఫైబర్ ట్యాంకులు పెట్టుకున్నవారికి హెచ్చరిక. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాలియెస్టర్ రెసిన్‌తో చేసిన ట్యాంకును అది మెత్తబరుస్తుంది, కరిగిన జిగురు కార్బొరేటర్‌లో చేరుతుంది. మూత చుట్టూ రంగు పొక్కుతుంటే అదే మొదటి గుర్తు. ఉక్కు ట్యాంకే మేలు. ఆ ఉక్కు ట్యాంకుకు వెల్డింగ్ పెట్టించాల్సొస్తే, ఖాళీ చేస్తే చాలదు. లోపలి ఆవిరి చాలు పేలడానికి. కడిగి, అతుకు పడే చోటు మాత్రం వదిలి మిగతాదంతా నీళ్లతో నింపాకే దగ్గరికి పోవాలి.

కాగితాలు, కేసులు

మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చినదానికి వేరుపడేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. సెక్షన్ 182ఎ కింద యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. గమనించండి, ఒక్కో మార్పుకు. పొగ, శబ్దం నియమాలు మీరితే సెక్షన్ 190 కింద 10,000 వరకు జరిమానా పడొచ్చు, మూడు నెలలు లైసెన్సూ పోవచ్చు. తయారీలో పాటించాల్సిన శబ్దం హద్దు 80 నుంచి 175 సీసీ దాకా 77 డెసిబెల్స్, ఆపైన 80. లోపలి జాలీ పీకేసిన సైలెన్సర్ ఏదీ ఆ హద్దులో ఉండదు. అందుకే శబ్దం గడి పోయింది.

అలాగని అన్నీ మానుకోవాలని కాదు. సీటు కవరు, హ్యాండిల్ పిడులు, బోల్టుతో బిగించి మళ్లీ విప్పగలిగే చిన్న సామాను జోలికి సాధారణంగా ఎవరూ రారు. రంగు ఆర్సీలో రాసి ఉంటుంది, మారిస్తే రవాణా శాఖలో ఎక్కించుకోవాలి. వెనక్కూర్చునేవారికి పట్టుకునే పిడి, కాలు పెట్టే పెగ్గు, చీర గార్డు నియమం 123 ప్రకారం ఉండాల్సినవే. ఒంటి సీటు బాబర్లు మొదట పట్టుబడేది అక్కడే. చాసిస్ కోసిన బళ్లు ప్రదర్శనకు ట్రాలీ మీదే రావాలన్న తీర్మానం ఈ ఏడాదినుంచి అమలు. పదిహేనేళ్లు నిండి ఆర్సీ రెన్యువల్‌కు పోయేవాళ్లు బండిని మళ్లీ కంపెనీ రూపానికి తెచ్చి చూపించాలి. విప్పిన ప్రతి సామానూ చీటీ కట్టి గోనెసంచిలో దాచుకోండి. తుక్కుకు వేసినవాళ్లు ఇప్పుడు మూడింతలు పెట్టి వెతుక్కుంటున్నారు.

యాత్ర, లెక్కలు, వచ్చే ఏడాది

దిండి మీదుగా మన్ననూరు దాకా పోయిన యాత్రలో కంపెనీ సైలెన్సర్లున్న బళ్లనే రానిచ్చాం. అది పులుల అడవి. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఆ దారి మూస్తారు గనక వెలుతురుండగానే తిరుగు ప్రయాణమయ్యాం. బయల్దేరే ముందు ప్రతి నట్టు మీదా బోల్టు మీదా కలిపి పసుపు రంగు గీత గీయించాం. మన్ననూరులో గీత విరిగిన నట్లు వెతికితే ఎక్కువగా సైలెన్సర్ క్లాంపుల దగ్గరా, నంబరు ప్లేటు దగ్గరా దొరికాయి. వదులైన నట్టును చేత్తో తడిమి వెతికే బాధ తప్పింది.

జమాఖర్చుల పట్టిక వేరే కాగితంలో జతచేశాం. టెంటు అద్దె, టీలు, ట్రాలీ కిరాయిలు తప్ప చెప్పుకోదగ్గ ఖర్చేమీ లేదు. చందా బాకీలున్నవారి పేర్లు అక్కడ వేయలేదు, కార్యదర్శే ఫోన్ చేస్తారు.

వచ్చే ఏడాది మొదటి తరగతి డ్రమ్ము బ్రేకుల మీద. లైనింగు అరుగుదల కొలవడం, క్యాము గ్రీజు, వైరు సర్దుబాటు చూస్తాం. వచ్చేవాళ్లు 10, 12, 14 నంబర్ల పానాలు, ఒక పాత బట్ట, మాస్కు తెచ్చుకోవాలి. డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదొద్దు.