బ్యారేజీ దాటితే బొమ్మ ఎవరిది? పర్యాటక, సినిమాటోగ్రఫీ శాఖల మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పర్యాటక, సాంస్కృతిక, సినిమాటోగ్రఫీ శాఖల మంత్రి శ్రీ కందుల దుర్గేష్ గారికి,

నమస్కారాలు.

1984లో విజయవాడ గాంధీనగర్‌లో ఒక సినిమా డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో గుమాస్తాగా చేరాను. మొదటి రోజే మా మేనేజరు గారు ఒక్క మాట చెప్పారు: "ఒరేయ్, బ్యారేజీ దాటితే బొమ్మ మనది కాదు, గుర్తుపెట్టుకో." మేం కొన్నది కృష్ణా జిల్లా హక్కులు. ప్రకాశం బ్యారేజీ అవతల గట్టున సీతానగరం, మంగళగిరి, అన్నీ గుంటూరు ఏరియా. అక్కడ ఆ సినిమా వేసుకునే హక్కు ఇంకో ఆఫీసుది. అదే హీరో, అదే పోస్టరు, కానీ గీత మాత్రం నది మధ్యలో. మా సినిమా రీళ్ల బాక్సు పొరపాటున అవతలి గట్టున కనబడితే ఇంతే సంగతులు, సాయంత్రానికల్లా పంచాయితీ.

ఆ మాట ఇప్పుడెందుకంటే, 2024–29 పర్యాటక విధానం వచ్చి, పర్యాటకానికి పరిశ్రమ హోదా దక్కాక, మా ఊళ్లో ఎక్కడ నలుగురు చేరినా థీమ్ పార్కు ఊసే. సినిమా పేరు పెట్టిన పార్కు అయితే ఇంకా బాగుంటుందంటున్నారు. నాకూ ఆశగానే ఉంది. ఎన్ని ఎకరాలు, ఎన్ని రైడ్లు, టికెట్టు ఎంత అని అందరూ మిమ్మల్ని అడుగుతారు. నేను గుమాస్తాని, నా కన్ను అగ్రిమెంటు మీదకే పోతుంది. అందులోని బొమ్మ ఎవరిది? ఎన్నేళ్లకు? ఎక్కడిదాకా? రేపు ఆ బొమ్మ యజమాని మారితే మన సంగతేమిటి?

మా కృష్ణా–గుంటూరు గీతలాంటిదే అమెరికాలోనూ ఒకటుంది, అదీ నది మీదే. మార్వెల్ కంపెనీ 1994లో తన స్పైడర్‌మ్యాన్, హల్క్ వగైరా పాత్రల్ని థీమ్ పార్కులో వాడుకునే హక్కు యూనివర్సల్ పార్కుల వాళ్లకు రాసిచ్చింది. 1999లో ఫ్లోరిడాలో వాళ్ల పార్కు తెరిచినప్పుడు అందులో మార్వెల్ ద్వీపం ఒకటి వచ్చింది. పదేళ్లకు, 2009లో, సుమారు 400 కోట్ల డాలర్లు పెట్టి డిస్నీ ఆ మార్వెల్‌నే కొనేసింది. సినిమాలు తీసింది, ప్రపంచమంతా దున్నేసింది. కానీ పాత అగ్రిమెంటు పాతదే. మిసిసిపీ నదికి తూర్పున, అంటే ఫ్లోరిడాలోని సొంత పార్కులో, డిస్నీ ఆ పాత్రల్ని పెట్టడానికి వీల్లేదు. అదే ఊళ్లో పోటీదారు పార్కులో మాత్రం అవి హాయిగా ఉన్నాయి. నదికి పడమరన ఉన్న కాలిఫోర్నియాలో 2021లో అవెంజర్స్ క్యాంపస్ కట్టుకోగలిగింది. ఫ్లోరిడాలో 2022లో గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ రైడు తెరిచింది, యూనివర్సల్ వాడుకోని పాత్రలు కాబట్టి. దాని పేరులో 'మార్వెల్' అన్న మాట మాత్రం లేదు. యజమాని అయ్యుండి తన బొమ్మ పేరు తన గుమ్మం మీద రాసుకోలేకపోయింది! మా మేనేజరు గారు ఉంటే పడీపడీ నవ్వేవారు.

ఒక కంపెనీ సినిమాల వరసనంతా కొనేసినప్పుడు పార్కులో ఏం మారుతుందో స్టార్ వార్స్ చెబుతుంది. 1987 నుంచీ డిస్నీలాండ్‌లో ఆ సినిమా పేరుతో స్టార్ టూర్స్ అని ఒక రైడు ఉండేది, ఆ సినిమాలు తీసిన లూకస్‌ఫిల్మ్ కంపెనీ దగ్గర హక్కు అద్దెకు తీసుకుని నడిపిన రైడు. పాతికేళ్లు దాదాపు అదే. 2012లో 405 కోట్ల డాలర్లకు లూకస్‌ఫిల్మ్‌నే కొన్నాక, 2019లో ఒక్కో పార్కులో 14 ఎకరాల్లో ఏకంగా ఒక ఊరే కట్టారు, కాలిఫోర్నియాలో ఒకటి, ఫ్లోరిడాలో ఒకటి. అద్దె ఇంట్లో ఉన్నవాడు మేకు కొట్టాలన్నా ఆలోచిస్తాడు, సొంతమైతే మేడ మీద మేడ వేస్తాడు. అవతార్ కథ కొంచెం అటూ ఇటూ. 2011లో లైసెన్సు తీసుకుని 2017లో ఫ్లోరిడా పార్కులో పెట్టారు, ఆ తర్వాత 2019లో దాని మాతృసంస్థ ఫాక్స్ 7,130 కోట్ల డాలర్ల బేరంలో డిస్నీ చేతికొచ్చింది. ఇప్పుడు కాలిఫోర్నియాలోనూ ఇంకోటి కడతామంటున్నారు. 2023లో డిస్నీ తన పార్కుల మీద, విహార నౌకల మీద పదేళ్లలో 6,000 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించినప్పుడు, ఆ ధీమా వెనక ఈ కొన్న కథల కొట్టు ఉంది.

అలాగని కొన్నవాడికే పార్కు పండుతుందని కాదు. హ్యారీ పాటర్ యూనివర్సల్‌ సొంతం కాదు. అద్దెకు తీసుకుని 2010లో ఫ్లోరిడాలో తెరిస్తే జనం విరగబడ్డారు, ఆ తర్వాత జపాన్‌లో, హాలీవుడ్‌లో కూడా కట్టారు. రెండో పక్క, సొంత బొమ్మే అయిన స్టార్ వార్స్ పేరుతో డిస్నీ 2022 మార్చిలో ఒక హోటలు తెరిచింది. రెండు రాత్రులు, ఇద్దరికి సుమారు 4,800 డాలర్ల నుంచి మొదలు. 2023 సెప్టెంబరులో మూసేశారు. బొమ్మ ఎంత పెద్దదైనా టికెట్టు రేటు జనం జేబును దాటితే మార్నింగ్ షో నుంచే ఖాళీ, ఇది మాకు తెలిసిన సంగతే.

మీకు దగ్గరి ఉదాహరణ అబుదాబి. 2025 మేలో అక్కడ డిస్నీలాండ్ ప్రకటించారు. కట్టేది, డబ్బు పెట్టేది అక్కడి మిరాల్ సంస్థ. డిస్నీ కథలిస్తుంది, డిజైన్ చూస్తుంది, రాయల్టీ తీసుకుంటుంది. టోక్యోలోనూ 1983 నుంచి నడుస్తున్నది ఇలాంటి పద్ధతే, పార్కు ఓరియంటల్ ల్యాండ్ కంపెనీది. రేపు మన దగ్గరికి ఎవరొచ్చినా ఈ రకం బేరంతోనే వస్తారు: భూమి మీది, ఖర్చు మీది, బొమ్మ మాది. అబుదాబికి అది సరిపోతుంది, వాళ్ల చేతిలో చమురుంది. మన చేతిలో ఉన్నది రైతులిచ్చిన భూమి.

దుబాయ్‌లో 2016 నవంబరులో హిందీ సినిమాల పేర్లతో ఒక పార్కు వచ్చింది, బాలీవుడ్ పార్క్స్ అని. 2023 ఏప్రిల్‌లో మూతపడింది. ఏడేళ్లు కూడా నిండలేదు. ఆ వార్త చదివిన రోజు నాకు తట్టింది ఇదే: ప్రభుత్వం భూమి 33 ఏళ్ల లీజుకిచ్చి, అందులోని సినిమా హక్కు పదేళ్లదే అయితే, పదకొండో ఏట ఆ భూమిలో ఏముంటుంది? నేను చెప్పనా? పెళ్లిళ్ల ఫంక్షన్ హాలు.

ఇక్కడ నా సొంత గోడు కొంచెం వినాలి. ఎనభైల చివర్లో మాకు బాగా తెలిసిన నిర్మాత ఒకరు, అప్పులు మీద పడి, తన నెగటివ్ హక్కులు నాలుగు డబ్బులకు అమ్ముకున్నారు. ఆ కాగితాలు టైపు చేయించింది నేనే. అందులో ఒక వాక్యం ఉంది: "ఇకముందు రాబోయే ఏ సాధనం ద్వారానైనా ప్రదర్శించుకొను సర్వహక్కులు". ఏ సాధనం వస్తుందిలే అనుకున్నాం ఇద్దరమూ. 1995లో తెలుగు శాటిలైట్ ఛానళ్లు వచ్చాయి. ఆ నెగటివ్ కొన్నాయన ఆ ఒక్క వాక్యం మీద ఎంత సంపాదించాడో చెప్పను, నిర్మాత గారి కుటుంబం చదివితే బాధపడుతుంది. ఈరోజు మన నిర్మాతలు సంతకం పెడుతున్న కాగితాల్లో థీమ్ పార్కు హక్కు ఎక్కడో ఒక మూల 'వగైరా'లో కలిసిపోతుందేమోనని నా భయం. సినిమాటోగ్రఫీ కూడా మీ దగ్గరే ఉంది కాబట్టి అడుగుతున్నాను. ఫిల్మ్ ఛాంబర్ వాళ్లను పిలిచి ఆ హక్కును విడిగా, పేరు పెట్టి రాసుకోమని ఒక మాట చెప్పండి. పార్కు వచ్చాక చెబితే లాభం లేదు. బాహుబలి సెట్టు రామోజీ ఫిల్మ్ సిటీలో ఉండిపోయినందుకే అదొక యాత్రాస్థలమైంది. మన బడి పిల్లలు రాత్రంతా బస్సులో కూర్చుని వెళ్లి చూసొస్తున్నారు.

సరే, ఖరీదైన బొమ్మలు మనకొద్దు అనుకుంటే ఏముంది మన దగ్గర?

1957లో మూడు పనులు జరిగాయి. ప్రకాశం బ్యారేజీ పూర్తయింది. మాయాబజార్ విడుదలైంది. మన దేశపు కాపీరైట్ చట్టం వచ్చింది. ఆ చట్టం ఇప్పుడున్న రూపంలో సినిమా మీద హక్కు, విడుదలైన ఏడాది దాటాక 60 ఏళ్లు. ఆ లెక్కన మాయాబజార్ సినిమాకు 2017 చివరితో గడువు తీరింది. తొందరపడకండి, మాటలూ పాటలూ వేరే లెక్క. రచయిత పోయిన తర్వాత 60 ఏళ్లు. పింగళి నాగేంద్రరావు గారు పోయింది 1971లో. 2010లో రంగులద్దిన కాపీ సంగతి మళ్లీ విడిగా చూడాలి. ఇవన్నీ మీ శాఖ లాయర్లు కూర్చుని తేల్చాల్సినవి. అయితే శశిరేఖ కథ ఏ కంపెనీదీ కాదు. వ్యాసుడి భారతంలోనే లేదది, మన జనం కల్పించుకున్నది. ఘటోత్కచుణ్ని, మయసభను ఎవరూ ఎవరికీ అమ్మలేరు, అద్దెకివ్వలేరు. డిస్నీ వాళ్ల తొలి మిక్కీ మౌస్‌కే అమెరికాలో 2024 జనవరి 1తో హక్కు తీరిపోయింది. మన ఘటోత్కచుడికి ఆ గొడవే లేదు, మొదట్నుంచీ అందరివాడే.

రైడు అన్న మాట పుట్టకముందే మనవాళ్లు రైడు పని చేశారు. సురభి నాటకం చూశారా మీరు? 1885 నుంచీ తరతరాలుగా ఆ కుటుంబాలు ఆడుతున్నాయి. వాళ్ల మాయాబజార్‌లో నారదుడు పైనుంచి దిగుతాడు, బాణాలు గాల్లో ఢీకొని నిప్పులు రాలతాయి, కళ్ల ముందు ఉన్న వస్తువు మాయమవుతుంది. కంప్యూటరు లేదు, తెర వెనక తాడు లాగే మనిషి ఉన్నాడంతే. చిన్నప్పుడు బెజవాడలో అది చూసి మూడు రాత్రులు నిద్రపోలేదు నేను. మయసభ నమూనాలో ఒక భవనం, నీళ్లనుకుంటే నేల, నేలనుకుంటే నీళ్లు, దాని లోపలి మాయలకు సురభి వాళ్ల చేతిపని. దీనికి రాయల్టీ కట్టాల్సింది ఎవరికైనా ఉంటే ఆ కుటుంబాలకే. కట్టండి. అదైనా కాగితం మీద రాసి కట్టండి.

బొమ్మలంటే గుర్తొచ్చింది. థీమ్ పార్కులో గేటు టికెట్టు ఒక ఎత్తు, బయటికొచ్చే దారిలో ఉండే బొమ్మల కొట్టు ఇంకో ఎత్తు. విజయవాడకు పాతిక కిలోమీటర్ల లోపే కొండపల్లి ఉంది. తెల్ల పొణికి కర్ర చెక్కి, చింతగింజల జిగురూ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, రంగులేస్తారు. భౌగోళిక గుర్తింపు కూడా ఉంది కాబట్టి ఆ పేరు వాళ్లదే. ఆ కొట్టులో ఘటోత్కచుడూ అంబారీ ఏనుగూ కొండపల్లివే ఉండాలని అగ్రిమెంటులోనే రాయించండి. ఎక్కడో అచ్చుపోసిన ప్లాస్టిక్ ఏనుగు మన ఏనుగు పక్కన కూర్చుంటే బేరం దానికే పోతుంది, చవక కాబట్టి.

మొన్న మా మనవణ్ని ఒక పార్కుకు తీసుకెళ్లాను. అక్కడ చెత్తకుండీ మీద రంగు వెలిసిన మిక్కీ ఒకటి, నోట్లో చెత్త వేయించుకుంటూ. "తాతయ్యా, దీనికి ముక్కేది?" అన్నాడు. ఈ రాష్ట్రంలో మనం అడక్కుండా, పైసా కట్టకుండా గీసుకున్న మిక్కీలూ డోరేమాన్‌లూ ఎన్ని గోడల మీద ఉన్నాయో! ఈ అలవాటుతోనే మనం పెద్ద కంపెనీ ముందు అగ్రిమెంటుకు కూర్చోబోతున్నామని నాకు బెంగ.

ఇంకొకటి, చిన్నదే. పార్కు భవానీ ద్వీపంలో అని ఎవరైనా అంటే, 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లొచ్చిన సంగతి వాళ్లకు గుర్తుచేయండి. ద్వీపం మునిగింది. పడవలు, చెట్లు, విందు భోజనం వరకు ఆ చోటు బంగారం. కోట్ల రూపాయల యంత్రాలకు కాదు.

నేను కోరేది ఎక్కువేం కాదు. సినిమా పేరుతో ఏ పార్కుకు ప్రభుత్వ భూమి ఇచ్చినా, భూమి లీజుతో పాటు ఆ సినిమా హక్కుల ఒప్పందం కూడా జనం చూసేలా పెట్టండి. హక్కు గడువు ఎంతో భూమి గడువు అంతకు మించకూడదు. హక్కుల కంపెనీని ఇంకొకరు కొనేస్తే కొత్త యజమాని పాత మాటకు కట్టుబడాలి, లేదంటే రైడ్లు తీసేసి మన భూమి మనకు ఖాళీ చేసి ఇవ్వాలి, ఖర్చు వాళ్లది. అలాగే ఏరియా. రాష్ట్రమంతటికీ హక్కు తీసుకోండి. విశాఖలో పార్కు పెట్టినవాడికి రాసిచ్చాం కాబట్టి మీ విజయవాడకు కుదరదు అని రేపెవరూ అనకూడదు. మా బ్యారేజీ గీత మాతోనే పోనివ్వండి.

పాత అగ్రిమెంట్ల నకళ్లు నా దగ్గర రెండు ట్రంకు పెట్టెల నిండా ఉన్నాయి. ఔట్‌రేటువి, అడ్వాన్సువి, మినిమమ్ గ్యారంటీవి, కమీషన్‌వి. ఎక్కడెక్కడ దెబ్బ తిన్నామో ఎర్ర పెన్సిలుతో గీసి ఉంచాను. మీ శాఖ నుంచి ఎవరైనా కుర్ర ఆఫీసరును పంపితే కూర్చోబెట్టి చూపిస్తాను. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మాత్రం వద్దు, నిద్రపోతాను.

ఇట్లు,
గాంధీనగర్‌లో 31 ఏళ్లు సినిమా లెక్కలు రాసిన ఒక గుమాస్తా,
విజయవాడ