టకోమా పక్కనే ఉంటూ సోనిక్స్ వినలేదా?

విజయవాడ,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ శీనూ,

వినమని నువ్వు రాసి పంపిన మూడు పేర్లూ అంది పది రోజులైంది. ఒక్కో పాటా పదిసార్లు వినకుండా జవాబు రాయకూడదని కాలేజీ రోజుల్లో పెట్టుకున్న నియమం నేనింకా తప్పలేదు. అందుకే ఆలస్యం. ఇవాళ అందరూ భోంచేసి పడుకున్నారు, బయట వాన పట్టింది, నాకు సాయంత్రం దాకా పనేం లేదు. కాబట్టి ఈ ఉత్తరం పెద్దదే అవుతుంది, తీరిగ్గా కూర్చుని చదువు.

ముందు వాండా జాక్సన్. ఏం గొంతురా అది! ఇరవై ఏళ్లయినా నిండని పిల్ల 1957లో అంత జీర, అంత తెగింపు ఎక్కణ్ణుంచి తెచ్చుకుంది? వంటింట్లోంచి విని అమ్మ, "ఎల్.ఆర్. ఈశ్వరి ఇంగ్లీషులో కూడా పాడిందా?" అని అడిగింది. నాకు ఒళ్లు జల్లుమంది, ఎందుకంటే నాకు తోచిందీ అదే. ఇద్దరూ మాట చివర్న గొంతుని ఒక్క గీకు గీకి వదిలేస్తారు. కానీ 'ఫుజియామా మామా' మాటల దగ్గర నాకు ముద్ద దిగలేదు. హిరోషిమా, నాగసాకి పేర్లు చెప్పి తన కోపాన్ని బాంబుతో పోల్చుకుంటుంది. అప్పటికి బాంబులు పడి పన్నెండేళ్లే. మరి ఆ పాట జపాన్‌లోనే పెద్ద హిట్టయింది, 1959లో ఆవిడ వెళ్లి అక్కడ కచేరీలు కూడా చేసింది. ఇది నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. 'లెట్స్ హావ్ ఎ పార్టీ' మాత్రం రోజూ పొద్దున్నే పెట్టుకుంటున్నాను.

రెండోది డెత్ అనే బ్యాండ్. డెట్రాయిట్‌లో ముగ్గురు నల్లజాతి అన్నదమ్ములు 1975లో ఇంత వేగంగా, ఇంత పదునుగా వాయించారంటే, పంక్ బ్యాండ్ రామోన్స్ మొదటి రికార్డు అప్పటికింకా రాలేదని గుర్తు చేసుకుంటే, నోట మాట రాలేదు. వాళ్లలో గిటార్ వాయించిన డేవిడ్ హాక్నీ పట్టుదల గురించి నువ్వు రాసింది చదివాక అతని కథంతా వెతికి చదివాను. పేరు మార్చుకోండి, రికార్డు వేస్తామని పెద్ద కంపెనీ అంటే ఆయన ససేమిరా అన్నాడు. సొంత డబ్బుతో ఒక సింగిల్ 500 కాపీలు వేసుకున్నారు, అంతే. 2000లో క్యాన్సర్‌తో పోయేముందు టేపులు తమ్ముడి చేతిలో పెట్టి, ఎప్పటికైనా జనం వీటికోసం వస్తారు, జాగ్రత్త చెయ్యమన్నాడట. 2009లో ఆల్బమ్ బయటికొచ్చింది. అది చూడ్డానికి ఆయన లేడు. ఈ సంగతి తెలిశాక 'పొలిటీషియన్స్ ఇన్ మై ఐస్' పెట్టుకుంటే ఆ పాట నాకు ఇంకోలా వినపడుతోంది.

మూడోది, స్ట్రే క్యాట్స్ బ్యాండ్. క్షమించరా, నాకు ఎక్కలేదు. చేతులు మంచివే, గిటార్ అద్భుతం. కానీ అంతా ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంది. నాకు చొక్కా నలగాలి.

సరే, ఇక నా వంతు. నువ్వు అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం కెంట్‌లో రెండేళ్లుగా ఉంటున్నావు. అక్కణ్ణుంచి టకోమా కార్లో అరగంట. ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా సోనిక్స్ బ్యాండ్ పేరు నీ చెవిన పడలేదా? మొన్న ఫోన్లో "వాళ్లెవర్రా?" అన్నప్పుడు నాకు ప్రాణం ఉసూరుమంది. కృష్ణ ఒడ్డున ఉంటూ పులస పేరు విన్నానే గానీ తినలేదన్నట్టుంది నీ సంగతి. (పులస గోదావరిదేలే, నీకు అర్థమైతే చాలు.)

సోనిక్స్‌ది టకోమానే. లారీ, ఆండీ పరీపా అన్నదమ్ములు గిటార్, బేస్. రాబ్ లిండ్ సాక్సాఫోన్. బాబ్ బెన్నెట్ డ్రమ్స్. పాడేది జెర్రీ రోజ్లీ. రోజ్లీది పాట అనాలో అరుపు అనాలో నాకు తెలియదు, కానీ అందులో శ్రుతి తప్పదు, అదే ఆశ్చర్యం. మొదటి సింగిల్ 'ద విచ్' 1964 చివర్లో వచ్చింది, మరుసటి ఏడాది ఆల్బమ్. బీటిల్స్ సూట్లేసుకుని ప్రేమ పాటలు పాడుతున్న రోజుల్లో వీళ్లు మంత్రగత్తెలాంటి ఆడపిల్ల గురించీ, పిచ్చి గురించీ పాడారు. 'స్ట్రిక్నైన్' అనే పాట వాళ్లదే. స్ట్రిక్నైన్ అంటే మన ముష్టి గింజల్లో ఉండే విషం. కొందరికి నీళ్లు, కొందరికి వైన్, నాకు మాత్రం ఇదే రుచి అంటాడు రోజ్లీ. మొదటిసారి విన్నప్పుడు లేచి నిలబడ్డాను.

ఆ డ్రమ్స్ చప్పుడు చూడు. మొదటి ఆల్బమ్ రెండే ట్రాకుల మిషన్ మీద రికార్డు చేశారు, డ్రమ్స్ మొత్తానికీ ఒక్కటే మైకు. ఇవాళ ఒక్కో డ్రమ్ముకీ ఒక్కో మైకు పెడతారు కదా, అయినా ఆ బరువు రాదు. రెండో ఆల్బమ్ 'బూమ్' 1966లో టకోమాలోనే చేశారు. ఆ స్టూడియోలో చప్పుడు గోడకి తగిలి తిరిగిరాకుండా అంటించిన సరంజామానంతా పీకి పారేశారు, గది గదిలాగే మోగాలని. స్టూడియో యజమాని ఏమన్నాడో గానీ, నేను మాత్రం వాళ్లకి దణ్ణం పెడతాను.

ఇంకో సంగతి, ఈ రికార్డులు వేసిన ఎటికెట్ కంపెనీ ఎవరిదనుకున్నావు? ఏ వ్యాపారిదీ కాదు, అదే ఊళ్లో వీళ్లకంటే ముందున్న వేలర్స్ బ్యాండ్ వాళ్లది. అన్నలు కంపెనీ పెట్టి తమ్ముళ్ల పాట వేశారు. అందుకే ఎవరూ "కొంచెం తగ్గించండి" అనలేదు.

వేలర్స్ అంటే గుర్తొచ్చింది. 'లూయీ లూయీ' నువ్వు తప్పకుండా వినే ఉంటావు, సినిమాల్లోనో ప్రకటనల్లోనో. రాసింది లాస్ ఏంజెలెస్‌లో రిచర్డ్ బెర్రీ, రికార్డు బయటికొచ్చింది 1957లో. ఒక నావికుడు బార్‌లో కూర్చుని, జమైకాలో ఉన్న తన పిల్ల గురించి చెప్పుకునే అమాయకమైన పాట. పెళ్లి ఖర్చులకని బెర్రీ దాని హక్కుల్ని 750 డాలర్లకి అమ్మేసుకున్నాడు. పెద్దవాడయ్యాక గానీ కొంత డబ్బు వెనక్కి రాలేదు. లాస్ ఏంజెలెస్‌లో జనం మర్చిపోయిన పాటని మీ వాయవ్య మూల కుర్రాళ్లు పట్టుకున్నారు. 1961లో వేలర్స్ గాయకుడు రాకిన్ రాబిన్ రాబర్ట్స్ పాడాడు. 1963 ఏప్రిల్ 6న పోర్ట్‌లాండ్‌లో కింగ్స్‌మెన్ పాడారు. అదే ఊళ్లో, అదే స్టూడియోలో, అదే నెలలో పాల్ రివీర్ అండ్ ద రైడర్స్ కూడా పాడారు! రెండూ పక్కపక్కన పెట్టి విను. రైడర్స్‌ది శుభ్రంగా ఉంటుంది. నిలిచింది కింగ్స్‌మెన్‌ది.

అందులో మైకు తలపైన వేలాడుతుంటే కింగ్స్‌మెన్ గాయకుడు జాక్ ఎలీ తలెత్తి అరుస్తూ పాడాడు, పళ్లకి క్లిప్పులు కూడా ఉన్నాయి. ఒక్క మాట స్పష్టంగా వినపడదు. వినపడకపోయేసరికి బూతులున్నాయని పుకారు పుట్టింది. ఇండియానా గవర్నర్ కోప్పడ్డాడు, ఎఫ్‌బీఐ వాళ్లు రెండేళ్లకి పైగా ఆ రికార్డుని నిదానంగా తిప్పీ, వేగంగా తిప్పీ విన్నారు. చివరికి ఏ వేగంలోనూ అర్థం కావడం లేదని తేల్చారు. అన్నాళ్లలో పాడినవాణ్ణి పిలిచి ఒక్క ప్రశ్న అడగలేదు. నాకు అన్నిటికంటే ఇష్టమైంది గిటార్ ముక్క అయ్యాక వచ్చే తప్పు. ఎలీ తొందరపడి ముందే పాట అందుకుని, నాలుక కరుచుకుని ఆగిపోతాడు. ఆ ఖాళీలో డ్రమ్మర్ లిన్ ఈస్టన్ గబగబా ఒక దరువు వేసి సర్దేస్తాడు. దాన్ని దిద్దలేదు, అలాగే వదిలేశారు. తర్వాత ఆ పాట పాడిన ఎన్నో బ్యాండ్లు ఆ తప్పుని కూడా నేర్చుకుని మరీ వాయించాయి.

రాకబిల్లీలో, అదే, కంట్రీ పాటా బ్లూసూ కలిసిన తొలి రాక్ అండ్ రోల్‌లో కూడా జరిగింది ఇదేరా. 1954 జూలై 5న మెంఫిస్‌లో సన్ స్టూడియోలో ఎల్విస్‌తో ఉన్నది ఇద్దరే. స్కాటీ మూర్ గిటార్, బిల్ బ్లాక్ నిలువు బేస్. డ్రమ్స్ లేవు. అందుకని బ్లాక్ ఆ లావు తీగల్ని లాగి చెక్క మీదికి వదిలి టపటపమని తాళం కూడా తనే వేశాడు. అనుకున్న పాటలేవీ కుదరక, విరామంలో సరదాగా మొదలెట్టిందే అసలు పాటయింది. సన్ స్టూడియో యజమాని శామ్ ఫిలిప్స్ వాడిన ఎకో గురించి నువ్వు అడిగావు కదా, అది పెద్ద మంత్రమేం కాదు. పాడిన గొంతుని రెండో టేపు మిషన్ మీదికి కూడా పంపిస్తారు. టేపు రికార్డయ్యే తల దగ్గర్నుంచి మోగే తల దగ్గరికి వెళ్లేలోపు క్షణంలో చిన్న ముక్క ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యాన్ని మళ్లీ అసలు గొంతులో కలుపుతారు. నూతిలోకి పిలిస్తే వచ్చే జవాబులా ఉంటుంది. జానీ క్యాష్‌కీ డ్రమ్మర్ లేడు. 'ఐ వాక్ ద లైన్' కోసం గిటార్ తీగల మధ్య కాగితం దోపి, ఆ చరచర చప్పుడునే డ్రమ్ముగా వాడుకున్నాడు.

ఇక గిటారిస్టు లింక్ రే. 1958, 'రంబుల్'. ఒక్క మాట కూడా లేని పాట, అయినా కుర్రాళ్లు రెచ్చిపోయి కొట్టుకుంటారేమోనని న్యూయార్క్, బోస్టన్ రేడియోల్లో వెయ్యనివ్వలేదు. ఆ గరగర కోసం ఆయన తన సౌండ్ బాక్సులో స్పీకర్ కాగితానికి పెన్సిలుతో చిల్లులు పొడిచాడు. ఇది చదవగానే నాకు రామనవమి పందిరి కళ్లముందు కట్టింది. చెట్టుకి కట్టిన ఆ పాత స్పీకరు చిరిగి, ఘంటసాల పద్యం గరగరమంటూ వస్తుంటే, నువ్వూ నేనూ దాని కిందే పోయి నిలబడేవాళ్లం గుర్తుందా? పెద్దవాళ్లు చెవులు మూసుకునేవారు. మనకి ఆ గరగర కావాలి. మనకెందుకు కావాలో అప్పుడు తెలియలేదు.

పంక్ గురించి ఎక్కువ రాయను, రామోన్స్, క్లాష్ నీకు నాకంటే బాగా తెలుసు. ఒక్కటి మాత్రం చెప్పాలి. 1972లో లెనీ కే అనే ఆయన ఇలాంటి మరుగునపడ్డ గరాజ్ పాటలు, అంటే ఇంటి కారు షెడ్లలో వాయించుకునే కుర్ర బ్యాండ్ల మోటు రాక్ పాటలు, 27 ఏరి 'నగ్గెట్స్' అని రెండు ఎల్పీ రికార్డులుగా వేశాడు. అట్ట మీద రాసిన వ్యాసంలో 'పంక్ రాక్' అన్న మాట వాడాడు. పంక్ గాయని పాటీ స్మిత్ పక్కన గిటార్ పట్టిందీ ఆయనే. అంటే మనకి వేరువేరు గదుల్లా కనపడేవన్నీ ఒకే ఇల్లు. నమ్మకపోతే క్రాంప్స్ అనే పంక్ బ్యాండ్ 1980 ఆల్బమ్ పెట్టు. మెంఫిస్‌లో శామ్ ఫిలిప్స్ స్టూడియోలోనే రికార్డు చేశారు. బేస్ గిటార్ లేదు. అందులో జానీ బర్నెట్ రాకబిల్లీ పాట ఉంది, మీ టకోమా వాళ్ల 'స్ట్రిక్నైన్' కూడా ఉంది. రాత్రి పూట ఒక్కడివే ఉన్నప్పుడు విను.

ఇంకో రెండు, త్వరగా చెప్పేస్తా. పెరూలో లోస్ సైకోస్, 1965, 'డెమోలిసియోన్'. స్పానిష్ రాకపోయినా ఫరవాలేదు, రైల్వే స్టేషన్ కూలగొడదామంటున్నారు, అంతే. రెండోది మన దేశంలోదే. సిమ్లా సిగరెట్ల కంపెనీ పెట్టిన పోటీల్లోంచి ఏరి 1970లో ఒకటి, 1971లో ఒకటి 'సిమ్లా బీట్' ఎల్పీలు వేశారు. షిల్లాంగ్ ఫెంటోన్స్ లాంటి కుర్ర బ్యాండ్లు అందులో ఉన్నాయి. కొన్ని పాటలు అచ్చం అమెరికా వాళ్లని చూసి దిద్దుకున్నవే, కానీ గిటార్ శబ్దం మాత్రం నిఖార్సైన గరాజ్. మనకంటే ముందే ఇక్కడ ఇలాంటి పిచ్చివాళ్లున్నారని తెలిసి నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

ఆ ధైర్యంతోనే మొన్న అటక ఎక్కాను. కాలేజీ ఫంక్షన్లో రెండో పాటకే మైకు కట్టేసి మనల్ని దింపేశారు కదా. ఆ రాత్రి మీ మేడ మీద గదిలో కోపంతో రికార్డు చేసిన క్యాసెట్ దొరికిందిరా! టేపు రెండు చోట్ల నలిగింది గానీ మోగుతోంది. అద్దె గిటార్ నీది, పెయింటు డబ్బాలు నావి. రెండో చరణం నువ్వు ముందే అందుకున్నావు, ఆగిపోయావు, నేను డబ్బాల మీద గబగబా దరువు వేసి సర్దాను. అప్పటికి మనం కింగ్స్‌మెన్ పేరు కూడా వినలేదు. మళ్లీ మళ్లీ అక్కడికే వెనక్కి తిప్పి విన్నాను.

కంప్యూటర్లోకి ఎక్కించాను, రేపు మెయిల్ చేస్తా. ఏమీ దిద్దలేదు. నువ్వు మాత్రం ముందు ఒక శనివారం కారు తీసి, 'ద విచ్' గట్టిగా పెట్టుకుని టకోమా వెళ్లిరా. మన పాట తిరిగొచ్చే దారిలో విను.

అమ్మ నిన్ను అడిగానని చెప్పమంది. సంక్రాంతికి వస్తే ఈసారి డబ్బాలు కాదు, నిజం డ్రమ్స్ అద్దెకి తెస్తాను.

నీ
రాజు