కారం మిషన్ తీసేస్తున్నాం, పిండి గిర్నీ ఇక్కడే ఉంటుంది

గిర్నీకి వచ్చే అందరికీ నమస్కారం.

ముందు పని మాట చెప్పేస్తాను, కథ తర్వాత. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి మన గిర్నీలో కారం, పసుపు పట్టం. జొన్నలు, గోధుమలు, బియ్యం, రాగులు, శనగపప్పు ఎప్పటిలాగే. పొద్దున ఏడింటికి బదులు ఎనిమిదింటికి తెరుస్తాం, రాత్రి ఎనిమిదింటికి షట్టర్ దించేస్తాం. కారం కావాల్సినవాళ్లు మిర్చి ఇక్కడే ఇవ్వచ్చు, చర్లపల్లిలో తీసుకున్న షెడ్డులో పట్టించి తెచ్చిస్తాం. అదెలాగో చివర్లో రాశాను.

"గిర్నీ మూసేస్తున్నారంట కదా" అని వారం రోజులుగా అడుగుతున్నారు. మూయడం లేదు. సీలు వేశారని ఇంకో పుకారు, అదీ నిజం కాదు. ఏం జరిగిందో దాచకుండా రాస్తున్నాను, ఎందుకంటే ఇందులో నా తప్పు కూడా ఉంది.

నాన్న ఈ గిర్నీ పెట్టింది 1994లో. అప్పుడు ఈ వీధిలో ఆరు ఇళ్లు, మిగతావన్నీ తుమ్మచెట్లు మొలిచిన ప్లాట్లు. పన్నెండు అడుగులు బై పదహారు అడుగుల గది, ఒక జత రాళ్లు, పది హెచ్‌పీ మోటారు, పైన మా ఇల్లు. ఇళ్లు గిర్నీ చుట్టూ వచ్చాయే గానీ గిర్నీ వచ్చి ఇళ్ల మధ్య కూర్చోలేదు. ఈ మాట నాన్న ఇప్పటికీ రోజుకొకసారి అంటారు. 2007 ఏప్రిల్‌లో చుట్టూ ఉన్న 12 మున్సిపాలిటీలను, 8 పంచాయతీలను నగరంలో కలిపినప్పుడు మేమూ కలిశాం. లైసెన్సు కడుతూ వచ్చాం, షాపుకు కమర్షియల్ పన్ను కడుతూ వచ్చాం. అన్నీ సరిగ్గానే ఉన్నాయనుకున్నాం.

పోయిన ఎండాకాలం నోటీసు వచ్చింది. ఇది నివాస జోన్, ఇక్కడ ఈ మిషన్లు ఎలా నడుపుతున్నారో చెప్పమని. లైసెన్సు కాగితం పట్టుకుని పరిగెత్తాను. అక్కడ తెలిసింది నాకు, లైసెన్సు వ్యాపారానికి, జోన్ స్థలానికి. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్టు కాదు. 2013 జనవరిలో మన హైదరాబాద్ శివారులకు 2031 దాకా పనికొచ్చే మాస్టర్ ప్లాన్ ఖరారు చేస్తూ జీవో ఇచ్చారు. ఆ మ్యాపులో ఇళ్లకు పసుపు రంగు, వ్యాపారానికి నీలం, పరిశ్రమలకు ఊదా. మన వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా పసుపే. పసుపు పట్టేవాడు పసుపులో ఉండకూడదన్నమాట. కిరాణా, టైలర్, ఇస్త్రీ డబ్బా, ట్యూషన్ సెంటర్, మా గిర్నీ, ఇవేవీ ఆ మ్యాపులో లేవు. నేల మీద మాత్రం అన్నీ ఉన్నాయి.

ప్లాన్ ఖరారు చేసేముందు పేపర్లో ప్రకటన వేస్తారు, అభ్యంతరాలు రాసివ్వమంటారు. మా షాపుకు రోజూ పేపర్ వచ్చేది. చదవలేదు. పిండి డబ్బాల కింద పరిచేవాళ్లం. 2023 జనవరిలో కామారెడ్డి రైతులు రోడ్డెక్కింది గుర్తుండే ఉంటుంది. ముసాయిదా ప్లాన్‌లో పంట పొలాల మీద పరిశ్రమల రంగు పడిందని వాళ్ల గొడవ. చివరికి ఆ ముసాయిదా వద్దని మున్సిపల్ కౌన్సిల్ తీర్మానం చేసింది. జగిత్యాలలోనూ అలాగే జరిగింది. వాళ్లు రంగు ఆరకముందే చూసుకున్నారు, మేం పన్నెండేళ్ల తర్వాత చూసుకున్నాం.

ఇక నా తప్పు. నాన్న పెట్టింది ఒక్క పిండి మిషనే. కారం మిషన్ నేను 2018లో తెచ్చాను. అంటే ప్లాన్ వచ్చిన ఐదేళ్లకు. దానికోసం వెనక రేకుల షెడ్డు వేసి గదిని పెంచాను, మోటారు లోడు పెంచాను. మార్చి నుంచి మే దాకా కారం మీద వచ్చే డబ్బే నాకు ఏడాదిలో సగం. అందుకే తెచ్చాను, ఇంకో కారణం లేదు.

ఎదురింటి మూడో అంతస్తులో ఉండే అక్క మా పాత కస్టమర్. వారానికి ఐదు కిలోల జొన్నలు తెస్తుంది. పోయిన ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం చీర కొంగు ముక్కుకు కట్టుకుని కిందికి వచ్చింది. వెనక ఆమె మనవడు, ఏడేళ్లుంటాయి, ఒకటే దగ్గు. "అన్నా, మిర్చి ఎప్పుడైపోతది? కిటికీలు పెట్టుకుంటే ఉక్క, తీస్తే ఘాటు. మేమేడికి పోవాలె?" అంది. ఆ పూట ఇంకా పద్నాలుగు డబ్బాలు వరసలో ఉన్నాయి. "సాయంత్రానికి అయిపోద్ది అక్కా" అన్నాను. రాత్రి పదింటికి అయిపోయింది. నోటీసుకు కారణమైన ఫిర్యాదు ఇచ్చింది ఎవరో నేను అడగలేదు, అడగను కూడా. మాలో కొందరు "ఎవడో తెలిస్తే చూద్దాం" అన్నారు. ఏం చూస్తారు? కారం పట్టేటప్పుడు నేనే ముక్కుకు రెండు పొరల గుడ్డ కట్టుకుంటాను. మిషన్ మూతికి కట్టిన గుడ్డ గొట్టం ఎంత బిగించినా సన్నటి దుమ్ము బయటికి వస్తూనే ఉంటుంది. వీధిలో అందరినీ ముక్కు కట్టుకోమనడం కుదిరే పని కాదు.

మన దగ్గర గోధుమలు పట్టించే ఒక సార్ సెంట్రల్ గవర్నమెంట్ ఉద్యోగంలో ఢిల్లీలో చాలా ఏళ్లున్నారు. నోటీసు చూసి ఆయన అక్కడి సంగతి చెప్పారు. 2006 ఫిబ్రవరిలో ఇళ్ల కాలనీల్లో అక్రమంగా నడుస్తున్న షాపులకు సీలు వేయమని సుప్రీంకోర్టు చెప్పింది. బజార్లకు బజార్లు మూతపడ్డాయి, బంద్‌లు, ధర్నాలు. ఏడాది తిరక్కుండా, 2007 ఫిబ్రవరి 7న, ఢిల్లీకి కొత్త మాస్టర్ ప్లాన్ వచ్చింది. ఏళ్ల తరబడి షాపులున్న వీధులను మిశ్రమ వినియోగం కింద గుర్తించి, ఫీజులు కట్టించుకుని నడుపుకోనిచ్చారు. అది కాక, ఇళ్ల మధ్య కింది అంతస్తులో 20 చదరపు మీటర్లు మించకుండా నడుపుకోగల చిన్న షాపుల జాబితా ఒకటి రాశారు, మొత్తం 24 రకాలు. కిరాణా, పాలు, మంగలి షాపు, ఇస్త్రీ, మందుల షాపు, సైకిల్ రిపేరు. అందులో ఆటా చక్కీ అని పేరుతో సహా ఉంది. అంటే పిండి గిర్నీ.

ఆ రాత్రి టేపు పట్టుకుని గది కొలిచాను. నాన్న కట్టిన గది 192 చదరపు అడుగులు. 20 చదరపు మీటర్లంటే సుమారు 215. సరిపోయింది! నా రేకుల షెడ్డు కూడా కలిపితే 340. సరిపోలేదు. ఢిల్లీ రూల్ మనకు వర్తించదు, నాకు తెలుసు. కానీ ఏది అడగాలో, ఏది అడగకూడదో ఆ టేపే తేల్చేసింది. ప్లాన్‌కు ముందు నుంచి ఉన్నది ఉండనివ్వమని అడుగుతాను. ప్లాన్ వచ్చాక నేను పెంచింది నేనే తీసేస్తాను. సార్ ఇంకో మాట కూడా చెప్పారు. ఢిల్లీలో 2017 చివర్లో మళ్లీ సీళ్లు మొదలయ్యాయి. ప్లాన్ ఇచ్చిన వెసులుబాటు కంటే ఎక్కువ వాడుకున్నవాళ్లూ ఆ దెబ్బ తిన్నారట.

ఇప్పుడే ఎందుకు ఈ హడావుడి అంటే, మన ప్లాన్ కూడా మారబోతోంది. ఇప్పుడు పాత నగరం మధ్య భాగానికి ఒకటి, సైబరాబాద్‌కు ఒకటి, ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల ఒకటి, ఔటర్ రింగ్ రోడ్డు వెంట ఒకటి, మిగతా శివారులకు ఒకటి, ఇలా వేర్వేరు ప్లాన్లున్నాయి. 2025 మార్చిలో హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) పరిధిని రీజనల్ రింగ్ రోడ్డు దాకా పెంచారు, పదివేల చదరపు కిలోమీటర్లు దాటింది. 2050ని దృష్టిలో పెట్టుకుని మొత్తానికి ఒకే మాస్టర్ ప్లాన్ తయారు చేసే పని నడుస్తోంది. ఇలాంటి ప్లాన్‌కు మొదటి మెట్టు, నేల మీద ఇప్పుడు ఏముందో రాసుకోవడం. మా వీధికీ సర్వే అని ఇద్దరు కుర్రాళ్లు చేతిలో ట్యాబ్‌తో వచ్చారు. "ఇది ఇల్లా, షాపా?" అన్నారు. కింద గిర్నీ, పైన ఇల్లు అన్నాను. "ఒకటే చెప్పాలి సార్" అన్నాడు ఒకడు. నాన్న కుర్చీలోంచి లేచి, "పొద్దంతా షాపు, రాత్రి ఇల్లు" అన్నారు. వాళ్లు నవ్వి ఏదో నొక్కారు. ఏం నొక్కారో నాకు ఇప్పటికీ టెన్షనే.

అందుకే రాతపూర్వకంగా ఇస్తున్నాను. రెండు దారులున్నాయి. నా ఒక్క ప్లాటుకు భూవినియోగ మార్పిడి అడగడం ఒకటి. దానికి ఫీజులు, పేపర్ ప్రకటన, ప్రభుత్వ ఉత్తర్వు, పైగా రోడ్డు వెడల్పు చూస్తారు. మన రోడ్డు కాగితం మీద 30 అడుగులు, మెట్లూ ర్యాంపులూ పోను బండి తిరిగేది ఇరవై, ఇరవై రెండు. అది నా స్థోమతకు మించిన పని. రెండోది, కొత్త ప్లాన్‌లో ఇళ్ల వీధుల్లో ఎప్పటినుంచో ఉన్న చిన్న షాపులను కొలతలతో, జాబితాతో గుర్తించమని అడగడం. మేం ఏడు షాపులవాళ్లం కలిసి ఇది రాస్తున్నాం.

కొందరు కస్టమర్లు "వీధి మొత్తం కమర్షియల్ చేయమని అడగండి, అందరం సంతకాలు పెడతాం, స్థలాల రేట్లు పెరుగుతాయి" అన్నారు. దానికి నేను ఒప్పుకోలేదు. రేటు పెరిగితే మొదట పోయేది నాలాంటి గిర్నీయే. మా ఇస్త్రీ అన్న అద్దెకుండే చోట రేపు ఏ సెల్‌ఫోన్ షోరూమో వస్తుంది. ఆ కార్లు ఎక్కడ పెడతారో మీరే ఆలోచించండి. ఇంకొందరికి దీనికి పూర్తిగా వ్యతిరేక భయం, వీధి రంగు మారితే ఇళ్లన్నిటికీ కమర్షియల్ పన్ను పడుతుందని. ఇంటిపన్ను చూసేది మీరు దాన్ని దేనికి వాడుతున్నారని, మ్యాపులో రంగేమిటని కాదు. ఇల్లు ఇల్లుగా ఉన్నంతకాలం ఇంటిపన్నే. నా షట్టర్‌కు నేను ఇప్పటికే కమర్షియల్ కడుతున్నాను కదా, పసుపు రంగులోనే ఉండి.

సంతకం పెట్టమని గిర్నీలో కాగితం పెట్టను. పిండి కోసం వచ్చినవాళ్లను సంతకం అడిగితే కాదనలేరు, అలాంటి సంతకం నాకు వద్దు. ముసాయిదా వచ్చినప్పుడు మన వీధి మ్యాపు ప్రింటు తీయించి గోడకు అంటిస్తాను. చూసి, మీకు ఏమనిపిస్తే అది మీరే రాసి పంపండి. గిర్నీ వద్దని రాసినా సరే, మీ జొన్నలు మాత్రం ఇక్కడే పట్టించండి.

ఇది ఫలిస్తుందని హామీ ఇవ్వలేను. నోటీసుకు జవాబు ఇచ్చాను, కారం మిషన్ తీసేస్తున్నానని, పిండి మిషన్ 1994 నుంచి ఉందని, పాత కరెంటు బిల్లులు జతచేసి. ఆ బిల్లులు అమ్మ ట్రంకు పెట్టెలో పట్టుచీరల కింద దొరికాయి. ఇంకా పై మాట రాలేదు.

ఇప్పుడు కారం సంగతి. షెడ్డు అద్దె నెలకు పద్నాలుగు వేలు, ఆటో ఖర్చు వేరే. అందుకే కిలోకు నలభై తీసుకునేది నలభై ఎనిమిది చేస్తున్నాను. పిండి రేటు పెంచడం లేదు. మిర్చి తొడిమలు తీసి, బాగా ఎండబెట్టి, మంగళవారం, శుక్రవారం పొద్దున పదకొండు లోపు ఇవ్వాలి. మర్నాడు సాయంత్రం వస్తుంది. మీ ముందే తూకం వేసి చీటీ ఇస్తాం. పట్టాక కిలోకు కొంత తరుగు పోతుంది, అది ఇక్కడా పోయేదే.

"మా మిర్చి మాకే వస్తుందా?" అని చాలామంది అడిగారు. సరైన ప్రశ్నే. మూడు కిలోలు, ఆపైన అయితే విడిగా పడతాం, మధ్యలో మిషన్ దులుపుతాం. మూడు కిలోల లోపు అయితే ముందు పట్టినవాళ్లది కొద్దిగా కలవకుండా ఆపడం నావల్ల కాదు, అబద్ధం చెప్పను. చిన్న మోతాదువాళ్లు శనివారం షెడ్డుకే వస్తే కళ్లముందు పట్టిస్తాను, లేదా ఇద్దరు ముగ్గురు ఒకే రకం మిర్చి కలిపి ఇవ్వండి. పసుపు కొమ్ములు కూడా ఆ షెడ్డులోనే, నెలకు ఒక్కరోజే పడతాం, తేదీ బోర్డు మీద రాస్తాను. పండగ ముందు సకినాలకు నానబెట్టిన బియ్యం మాత్రం ఎప్పటిలాగే ఇక్కడే, ఆ వారం రోజులు తొమ్మిది దాకా తెరిచి ఉంచుతాను. దానికి ఎదురింటి అక్కను ముందే అడిగాను, సరేనంది.

ఒక్క విన్నపం. డబ్బా మూత మీదే కాకుండా డబ్బా మీద కూడా పేరు రాయండి. పోయిన శుక్రవారం సరదాగా ట్రయల్ వేస్తే రెండు స్టీలు డబ్బాల మూతలు మారాయి. గుంటూరు మిర్చి ఇచ్చినావిడకు బ్యాడిగి కారం వెళ్లింది. ఆవిడ కూరలో రంగు చూసి సంతోషపడి, కారం చూసి ఫోన్ చేశారు.