థామ్సన్ షెల్‌ను వదిలేయకండి

సంపాదకులకు నమస్కారం.

మీ కంప్యూటర్ పేజీలో వచ్చిన వ్యాసం యునిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో మనం టైపు చేసే కమాండ్లను చదివి నడిపించే ప్రోగ్రామైన షెల్ చరిత్రను 1979లో వెలువడిన బోర్న్ షెల్‌తో మొదలుపెట్టింది. దాన్ని రాసిన స్టీవ్ బోర్న్ గొప్పతనాన్ని ఎవరూ కాదనరు. కానీ యునిక్స్ పుట్టిన బెల్ ల్యాబ్స్‌లో కెన్ థామ్సన్ రాసిన షెల్ 1971 నాటి తొలి ఎడిషన్ యునిక్స్‌తోనే వచ్చింది. దాన్ని వదిలేస్తే బోర్న్ ఏ చిక్కులు విప్పాడో పాఠకులకు అందదు.

అంతకన్నా ముందు, యునిక్స్ మొదట నడిచిన పీడీపీ-7 కంప్యూటర్ మీద ఎదురైన ఒక చిక్కు చూడండి. ఒక ఫైల్‌లో ఎల్‌ఎస్ (ఫైళ్ల జాబితా చూపేది), హూ (లాగిన్ అయినవారిని చూపేది) కమాండ్లను వరుసగా రాసి, దాన్ని షెల్‌కిచ్చి, ఫలితాన్ని మరో ఫైల్‌లోకి మళ్లించారు. తీరా చూస్తే ఎల్‌ఎస్ రాసినదాని మీదే హూ మొదటి నుంచి రాసేసింది. ఫైల్‌లో ఎంతవరకు రాశామన్న గుర్తు ఏ ప్రాసెస్‌ది (అంటే నడుస్తున్న ప్రోగ్రామ్‌ది) ఆ ప్రాసెస్ దగ్గరే ఉండేది. ఎల్‌ఎస్ ముగియగానే దాని గుర్తూ పోయేది. ఆ గుర్తులను సిస్టమ్ పట్టికలోకి మార్చి, తల్లీపిల్లా ప్రాసెస్‌లు (ఒక ప్రాసెస్, అది పుట్టించినవి) పంచుకునేలా చేశాక గానీ చిక్కు వీడలేదు.

థామ్సన్ షెల్‌లో, స్క్రిప్టులో (కమాండ్లు రాసిన ఫైల్‌లో) మరో చోటికి దూకించే గోటూ కమాండ్ నడిచిందీ ఈ పంపకం వల్లే. అది షెల్‌లో భాగం కాదు, విడి ప్రోగ్రామ్. స్క్రిప్టే స్టాండర్డ్ ఇన్‌పుట్ (ప్రోగ్రామ్ మామూలుగా చదువుకునే చోటు) కాబట్టి, గోటూ ఆ ఫైల్‌ను మొదటి నుంచి వెతికి, దూకాల్సిన చోటుకు పెట్టిన పేరు, అంటే లేబుల్, దొరికిన చోట గుర్తును నిలిపి తప్పుకునేది. షెల్ అక్కడి నుంచి చదువుకుంటూ పోయేది. ఎంత పొదుపైన ఉపాయం! టెర్మినల్ దగ్గర నేరుగా టైపు చేస్తే మాత్రం పనిచేయదు. అంతకన్నా పెద్ద ఇబ్బంది ఏమిటంటే, స్క్రిప్టులోని ఏ కమాండైనా ఇన్‌పుట్ చదవబోతే ఆ స్క్రిప్టులో మిగిలిన వరుసల్నే మింగేసేది.

బోర్న్ స్క్రిప్టును స్టాండర్డ్ ఇన్‌పుట్ నుంచి విడదీశాడు. షరతులు, లూప్‌లు రాసే ఇఫ్, వైల్, కేస్‌లను షెల్ లోపలికే తెచ్చాడు. ఆల్గాల్ 68 అనే ప్రోగ్రామింగ్ భాష పద్ధతిలో ఇఫ్‌ను (if) దాని అక్షరాలు తిరగేసే (fi) మూశాడు, కేస్‌నూ (case, esac) అంతే. లూప్‌లో వాడే డూను (do) తిరగేస్తే వచ్చే ఓడీ (od) అప్పటికే వేరే కమాండ్ పేరు కావడంతో అక్కడ డన్ (done) పెట్టాల్సి వచ్చింది.

ఇన్‌పుట్‌ను మింగేసే ఆ పాత ఇబ్బంది ఈనాటికీ కొత్తవాళ్లను తికమక పెడుతూనే ఉంది. ఫైల్‌ను వరుసవరుసగా చదివే వైల్ రీడ్ లూప్‌లో, దూరంలోని సర్వర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ కమాండ్ పెడితే, ఫైల్‌లో ఎన్ని సర్వర్ల పేర్లున్నా మొదటిదానితోనే లూప్ ఆగిపోతుంది. మిగతా పేర్లను ఎస్‌ఎస్‌హెచ్ చదివేసుకుంటుంది. దానికి మైనస్ ఎన్ (-n) ఆప్షన్ ఇవ్వాలి, లేదా దాని ఇన్‌పుట్‌ను ఎప్పుడూ ఖాళీగా ఉండే డెవ్ నల్ (/dev/null) నుంచి మళ్లించాలి.

వ్యాసం తర్వాతి భాగంలో థామ్సన్ షెల్‌కూ చోటివ్వాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు